రెండు రికార్డింగులు పెట్టిన అక్క

సెంటర్ అక్క చనిపోయింది. ఆ కబురు నాకు ముందుగా పంపినవాడు, బతికుండగా ఆమెకు అందరికంటే ఎక్కువ కీడు చేసిన మనిషి. వాట్సాప్‌లో ఆమె ఫోటో, చుట్టూ పూల చట్రం, కింద ‘మా ఆటకు అమ్మలాంటి అక్క ఇక లేరు’ అన్న వాక్యం. పంపింది మా పాత కంప్యూటర్ ఆటల జట్టు కెప్టెన్. ఆ ఫోటో చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. కాసేపటికే మా పాత గ్రూపంతా దండం బొమ్మలతో నిండిపోయింది. ఆమె షాపు గుమ్మం తొక్కొద్దని ఊరంతా చెప్పి తిరిగినవాళ్ళే ఆ దండాలు పెట్టారు.

పొద్దున పనులు చేసుకుంటూ ఉన్నట్టుండి పడిపోయిందట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. బోధన్ నుంచి నిజామాబాద్ చేరేలోపే అంతా అయిపోయింది. యాభై ఏళ్ళు కూడా లేవు ఆమెకు.

చనిపోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తాను. కానీ ఆమె మంచితనం గురించి రాయాలంటే మిగతావాళ్ళ చెడ్డతనాన్ని పక్కన పెట్టి రాయడం కుదరదు. చదివేవాళ్ళలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళను మా బోధన్ వైపు క్యాంపులంటారు. అక్కది అలాంటి ఒక క్యాంపు. తాతల కాలంలో వచ్చారు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. మాట సగం మాది, సగం వాళ్ళది. కోపం వస్తే మాత్రం పూర్తిగా వాళ్ళదైపోయేది. భర్త చెరకు, వరి పండించేవాడు. మేమంతా ఆయన్ని బావ అనేవాళ్ళం. అక్క కంప్యూటర్ కోర్సు చేసి, బోధన్ బస్టాండుకు కొంచెం ఇవతల ఒక షాపు తెరిచింది. ముందు గదిలో దరఖాస్తులు, జిరాక్సులు. అద్దం తలుపు వెనక గదిలో ఆటలాడుకునే కంప్యూటర్లు. బోర్డు మీద ఏదో పెద్ద పేరుండేది. అందరూ ‘అక్క సెంటర్’ అనేవాళ్ళు.

ఆమె ఎవరినీ చూసి నవ్వేది కాదు. బల్ల కింద బబుల్ గమ్ అంటించినవాడు దొరికితే వాడి గోరుతోనే గీకించేది. ఆటలో నోరు జారి బూతు మాట్లాడితే తీగ పీకేసి, ‘మీ ఇంట్లో ఆడుకో పో’ అనేది. ఆమె గొంతు రోడ్డవతల చాయ్ హోటల్ దాకా వినిపించేది. అక్కడ కూర్చున్నవాళ్ళు, ‘గిప్పుడు ఎవనికి పడ్డయో’ అని నవ్వుకునేవాళ్ళట.

ఆట అంటే ఆమెకు బొత్తిగా పడదు. ‘ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవడం, మళ్ళీ లేవడం, మళ్ళీ కాల్చుకోవడం. ఏముందిరా ఇందులో?’ అనేది. అలాంటి మనిషి ఆట రికార్డింగులో ఎందుకు అంత పట్టుదలగా ఉండేదంటే, కారణం మా పోట్లాటలే. ‘నేను ముందే కొట్టిన’, ‘నీ అబద్ధం నువ్వు’, ‘నెట్ ఆగింది, గిది లెక్కకు రాదు’. రోజూ ఇదే లొల్లి. కాలర్లు పట్టుకునేదాకా పోయేది.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. ఏ సాఫ్ట్‌వేరూ కొనలేదు. కంప్యూటర్‌లో ముందే ఉండే రికార్డింగ్ సదుపాయాన్ని అన్ని సిస్టంలలో ఆన్ చేసి పెట్టింది. విండోస్ బటన్, ఆల్ట్, జీ మూడూ కలిపి నొక్కితే అప్పటిదాకా జరిగిన చివరి అర నిమిషం ఆట క్లిప్పుగా దాచుకుంటుంది. జీ బదులు ఆర్ నొక్కితే అప్పటినుంచి రికార్డు మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. వీడియోల ఫోల్డర్‌లో పడుతుంది. అంతే. ఇక ఎవరు నోరెత్తినా ఆమె ముందు గదిలోంచి ఒకే కేక వేసేది.

‘అరవకు. క్లిప్పు చూపించు.’

క్లిప్పు చూశాక సగం గొడవలు అక్కడే చచ్చిపోయేవి. అరిచినవాడే తల దించుకునేవాడు.

నేను డిగ్రీ మొదటి ఏడాదిలో అక్కడికి పోవడం మొదలుపెట్టాను. ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. మా బాపుకు మోటార్లు రిపేరు చేసే చిన్న షాపుంది. అక్క సెంటర్ నడిపేది ఆడమనిషి గనక నన్ను పంపడానికి ఒప్పుకున్నాడు. అక్క నన్ను ప్రత్యేకంగా చూసుకుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అందరికంటే నాకే ఎక్కువ తిట్లు పడేవి. ఒకరోజు నేను బాగా ఆడిన క్లిప్పులన్నీ ఒకచోట దాచుకుంటుంటే వెనక నిలబడి చూసింది.

‘ఓడిపోయినవి ఏవి?’

‘గవెందుకు అక్క?’

‘గెలిచినవి అందరూ దాస్తారు. ఓడిపోయినవి దాచు. ఎక్కడ చచ్చావో నీకే కనపడుద్ది.’

విసుక్కుంటూనే దాచాను. రెండు వారాలు తిరక్కుండానే నాకు తెలిసొచ్చింది. మెట్ల దగ్గర, మలుపుల దగ్గర నేను ఆగిపోతున్నాను. ఆ ఒక్క క్షణంలోనే చస్తున్నాను. ఆ మాట ఆమెతో చెబితే, ‘నాకెందుకు చెప్తావ్, ఆగకు’ అని జిరాక్సు మిషన్ వైపు తిరిగిపోయింది.

మా జట్టు ఐదుగురం. కెప్టెన్ మాకంటే పెద్దవాడు, మాటకారి, ఊళ్ళో నలుగురిలో తిరిగేవాడు. నిజామాబాద్‌లో ఒక పోటీ పెట్టారు. ఆర్మూర్, నందిపేట్ వైపు నుంచి కూడా జట్లు వచ్చాయి. గెలిచిన జట్టును హైదరాబాద్ పోటీకి పంపుతారు. ఫైనల్ ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఆడాలి. మోసం జరగకుండా ప్రతి ఒక్కరూ తమ తెరను రికార్డు చేసి మర్నాడు పంపాలి. అది నిబంధన.

బాపు నాతో ముందే అన్నాడు: ‘బిడ్డా, గిదే ఆఖరు. గెలిస్తే హైదరాబాద్ దాకా నేనే తోల్కపోత. లేకుంటే గీ ఆటలు బంద్, చదువుకో.’ నా సంగతంతా ఆ ఒక్క ఆట మీద నిలబడింది.

ఫైనల్ రోజు మేం కూర్చునేముందు అక్క అన్ని కంప్యూటర్ల దగ్గరికీ వచ్చింది. అంతకుముందు ఒకసారి ఆట రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ అలా జరిగితే జట్టును తీసేస్తారని ఆమెకు భయం. కొత్త కంప్యూటర్లలో తెర ఫోటోలు తీసే టూల్ ఉంటుంది కదా, దాంట్లో వీడియో తీసే వీలు కూడా ఉంది. దాన్ని కూడా ఆన్ చేసింది.

‘రెండు రికార్డింగులు పెడుతున్నా. ఒకటి ఆట వరకే. ఇంకొకటి తెర మొత్తం. ఏదీ ముట్టుకోకండి’ అని అందరికీ వినపడేలా చెప్పింది. కెప్టెన్ ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వినలేదు. ఆట తెర నిండా తెరుచుకున్నాక ఆ రెండో రికార్డింగ్ పట్టీ కనపడదు కూడా.

మేం గెలిచాం. కెప్టెన్ ఆ రోజు ఆడిన తీరు నేనెప్పుడూ చూడలేదు. గోడ అవతల ఎవడున్నాడో వాడికి ముందే తెలిసినట్టు ఆడాడు. గదంతా అరుపులు. ఆ ఒక్కరోజు అక్క మమ్మల్ని తిట్టలేదు. బావ చెరకు రసం తెప్పించాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను షాపుకు వెళ్ళేసరికి కెప్టెన్ అక్క టేబుల్ ముందు నిలబడి ఉన్నాడు. పంపడానికి వీడియోలు సర్దుతూ ఆమె వాడివి రెండిటినీ తెరిచి చూసింది. తెర మొత్తం తీసిన వీడియోలో గోడల వెనక ఉన్న ప్రత్యర్థుల చుట్టూ ఎర్రగీతల డబ్బాలున్నాయి.

‘ఇదేంట్రా?’

‘ఏది అక్క?’

‘ఈ ఎర్రగీతలు.’

‘గది ఆటలనే వస్తది అక్క. గ్రాఫిక్స్.’

ఆమె మొదటి రికార్డింగ్ తెరిచి పక్కన పెట్టింది. అదే గోడ, అదే తుపాకీ, అదే క్షణం. గీతలు లేవు. ఆట వరకే తీసే రికార్డింగ్‌లో ఆట మాత్రమే పడుతుంది, దాని మీద వేరే ప్రోగ్రాం ఏం గీసినా పడదు. వాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ధైర్యంగా పెన్‌డ్రైవ్‌లో ఆ దొంగ ప్రోగ్రాం తెచ్చుకున్నాడు. తెర మొత్తం తీసే రెండోది ఒకటుందని మాత్రం వాడు వినిపించుకోలేదు.

‘ఆటలోనే వస్తే ఇందులో ఏవి?’

వాడి మొహంలో రంగు మారింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

‘అక్క, గాళ్ళకు మొదటిది పంపు. సాలు. రెండోది తీసెయ్. ఎవ్వలకు తెల్వది.’

‘నాకు తెలిసింది కదరా.’

‘నీ సెంటర్‌కే పేరొస్తది గదక్క!’

‘నువ్వే ఫోన్ చేసి వాళ్ళకి చెప్పు. సాయంత్రం దాకా చూస్తా’ అంది. ఇక వాడివైపు చూడలేదు.

వాడు పోయాక నేను ఆమె మీద పడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

‘మేం నలుగురం ఏం తప్పు చేసినం అక్క? ఆయన చేసినదానికి మేమెందుకు పోవాలె?’

‘మీరేం తప్పు చేయలేదు. అవతల ఆడిన ఐదుగురు ఏం తప్పు చేశారో చెప్పు.’

‘నీకు ఆటంటే పడదు. గందుకే పంపుతున్నవ్.’

‘పడదు. అయితే?’

ఆ ‘అయితే?’ అన్న ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఓదార్పు లేదు, జాలి లేదు. అదే మంచిదైంది. ఆ సమయంలో ఆమె నా తల నిమిరి ఉంటే నేను జన్మలో క్షమించేదాన్ని కాదు.

సాయంత్రం వాడు ఫోన్ చేయలేదు. ఆమె అందరి వీడియోలూ, రెండు రకాలవీ పంపింది. మా జట్టును తీసేశారు.

ఆ తర్వాత ఊరు చేసిన పని చెబుతాను. ఆ వీడియో అక్కే తయారు చేసిందని కెప్టెన్ ప్రచారం చేశాడు. వాడి సిస్టంలో గీతలు ఆమే గీసిందట. ‘క్యాంపోళ్ళు మనోళ్ళను ఎదగనియ్యరు’ అన్నాడు. ఎంత పాత విషమో అది! అయినా ఎంత తొందరగా ఎక్కింది! ఆమె చేతుల మీదుగా హాల్ టికెట్లు తీసుకున్నవాళ్ళు, ఆదివారం కూడా షాపు తెరిపించి దరఖాస్తులు నింపించుకున్నవాళ్ళు, అవునన్నట్టు తలూపారు. కుర్రాళ్ళు రావడం మానేశారు. ఒక మధ్యాహ్నం ఆమె అన్నానికి ఇంటికెళ్ళినప్పుడు ఎవరో రాళ్ళతో అద్దం తలుపు, ఒక మానిటర్ పగలగొట్టారు. పట్టపగలు, బస్టాండు రోడ్డు మీద. చూసినవాడు ఒక్కడూ లేడట.

పక్క షాపాయన సానుభూతి చూపించబోయాడు. ‘ఒక్క వీడియో తీసేస్తే అయిపోతుండె గదమ్మా. ఎందుకు గింత దూరం తెచ్చుకున్నవ్?’

గాజుపెంకులు ఊడుస్తున్న ఆమె చీపురు పట్టుకునే లేచి నిలబడింది. ‘రాయి వేసినోణ్ణి ఏమీ అనవు. నాకు చెప్తావా?’ అంది. ఆయన మళ్ళీ ఆ గుమ్మం దగ్గర కనబడలేదు.

ఆ వారంలోనే మా బాపు కూడా ఆమెతో కొట్లాటకు పోయాడు. మోసం చేసిన జట్టులో నా పేరు కూడా ఉందని బజార్లో ఎవరో అన్నారు. నాతో ఒక్క మాట చెప్పకుండా నేరుగా అక్క సెంటర్‌కు వెళ్ళాడు. అక్కడేం జరిగిందో తర్వాత బావ చెప్పాడు.

‘నా బిడ్డ పేరు ఖరాబ్ చేసినవ్’ అన్నాడట బాపు, కూర్చోకుండానే.

‘నీ బిడ్డ ఆడింది చూశావా?’

‘నేనెందుకు సూస్త?’

‘చూడకుండా పేరు గురించి మాట్లాడతావా? కూర్చో.’

బలవంతంగా కుర్చీ లాగి కూర్చోబెట్టి, నా తెర రికార్డింగ్ పెట్టిందట, తెర మొత్తం కనపడేది. ఏ గీతలూ లేనిది. బాపు మొదట చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడట. కాసేపటికి ముందుకు వంగాడట. ఇంకొంచెం అయ్యాక, ‘గిది కొట్టిందెవరు?’ అని అడిగాడట.

‘నీ బిడ్డే.’

‘గిదో?’

‘అదీ నీ బిడ్డే. మధ్యలో మాట్లాడకు, చూడు.’

మోటార్ల కోసం వచ్చినవాళ్ళు మా షాపు దగ్గర ఎదురుచూస్తుంటే, మా బాపు ఆట మొత్తం చూసి లేచాడు. ఆమెకు దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. ఆమె కూడా ఆశించలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. రెండు ముద్దలు తిని తల ఎత్తాడు.

‘గా మెట్ల కాడ ఎందుకు ఆగినవ్?’

నాకు అర్థం కాలేదు. ‘ఏ మెట్లు బాపు?’

‘ఆటల. వాడు కిందినుంచి వస్తున్నడు. నువ్వు ఆగినవ్. ఆగకపోతే వాన్ని కొట్టెటిదానివి.’

ఆట బంద్ అన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు. నేను మళ్ళీ అక్క సెంటర్‌కు వెళ్ళాను. ఆమె నన్ను ‘వచ్చావా’ అని కూడా అడగలేదు. పగిలిన మానిటర్ ఉన్న చోటు చూపించి, ‘అక్కడ కూర్చోకు, ఇంకా పెంకులున్నాయి’ అంది.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో వీడియో పాఠాలు రికార్డు చేసే పనిలో ఉన్నాను. తెర ఎలా తీయాలి, మైకును ముందే ఎలా సరిచూసుకోవాలి, డిస్కులో చోటుందా లేదా, అన్నీ ఆమె దగ్గర తిట్లు తిని నేర్చుకున్నవే. ముఖ్యమైన పాఠమైతే ఇవాళ్టికీ రెండు రికార్డింగులు పెడతాను.

పదకొండో రోజున క్యాంపులో వాళ్ళింటికి వెళ్ళాను. టెంటు కింద కుర్చీలు, ఆమె ఫోటో. బావ మనిషి సగమైపోయాడు. నేను వెళ్ళిన కాసేపటికి కెప్టెన్ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పెద్ద పూలదండ. వాడికిప్పుడు ఆటల ఛానెల్ ఉంది. పిల్లలు వాణ్ణి చూస్తారు, నేర్చుకుంటారు. దండ వేసి, ఫోటో ముందు నిలబడి, వెంట వచ్చినవాడితో ఫోన్‌లో వీడియో తీయించుకున్నాడు. తర్వాత బావ పక్కన కూర్చున్నాడు.

‘బావా, అక్క మీద ఒక వీడియో చేస్తున్న. సెంటర్‌ల పాత క్లిప్పులు ఉంటయ్ గదా. గవి గావాలె.’

బావ నావైపు చూపించాడు. ‘ఆ డిస్కుల సంగతి నాకు తెలీదు తమ్ముడూ. అక్క అవన్నీ అమ్మాయి చేతే సర్దించేది, ఆమెకే తెలుసు.’

వాడు నావైపు తిరిగాడు. ఏమీ జరగనట్టు నవ్వాడు. ‘చెల్లె, సెమీస్‌ల నేనొక్కన్నే నలుగురిని కొట్టిన క్లిప్పు ఉంటది సూడు. గట్లాంటియి నాలుగైదు ఇయ్యి.’

‘ఫైనల్‌ది వద్దా?’

నవ్వు పోయింది. ‘గదంత ఇప్పుడెందుకు? పోయిన మనిషి దగ్గర మాట్లాడేదేనా గది?’

‘పోయిన మనిషి దగ్గరనే మాట్లాడాలె. ఉన్నప్పుడైతే అద్దం పగలగొట్టిన్రు.’

‘నేను పగలగొట్టలే.’

‘పగలగొట్టినోళ్ళకు అబద్ధం చెప్పింది నువ్వే. ఆమెనే గీతలు గీసిందన్నవ్. గా మాట తప్పని ఒక్కనికన్న చెప్పినవా ఇన్నేండ్లల?’

టెంటు కింద తలలన్నీ మావైపు తిరిగాయి. వంటవాళ్ళు కూడా ఇటు చూశారు. వాడు లేచి నిలబడ్డాడు. ‘చిన్న పిల్లల ఆట అది. పట్టుకొని వేలాడుతున్నవ్ నువ్వు’ అన్నాడు.

అప్పుడు బావ మాట్లాడాడు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు.

‘అమ్మాయ్, ఇచ్చెయ్. ఫైనల్‌వి రెండూ ఇచ్చెయ్. పక్కపక్కన పెట్టి చూపించమను. అప్పుడు అక్క గురించి చెప్పినట్టవుద్ది.’

వాడు ఆసరా కోసం చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు. ‘భోజనం చేసి వెళ్ళు’ అన్నాడు బావ. వాడు చేయలేదు. కారు తిప్పుకుని పోయేటప్పుడు చెరకు బండి అడ్డం వస్తే హారన్ కొట్టీ కొట్టీ దారి తీసుకున్నాడు.

రెండు రోజులకు వీడియో పెట్టాడు. ఒక ఫోటో, విషాద సంగీతం, ఫోటో ముందు తల వంచుకున్న తను. ఒక్క క్లిప్పు కూడా లేదు. కింద వందల కామెంట్లు. మీరెంత మంచివారన్నా అని వాడికి పొగడ్తలు. ఆమె ఏం చేసిందో అందులో ఒక్క ముక్క లేదు. అందుకే ఇది రాశాను. ఆమెను అమ్మలాంటిదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆమె ఎవరికీ అమ్మలా లేదు. నిక్కచ్చిగా ఉంది. దానికి ఆమె కట్టిన మూల్యం మాకు తెలుసు, మా ఊరికి తెలుసు.

ఆమెను నేను చివరిసారి చూసింది ఈ ఎండాకాలం మొదట్లో, నిజామాబాద్ బస్టాండులో. బోధన్ బస్సు నిండిపోయి ఉంది. కిటికీలోంచి ఎవరో సీటు మీద రుమాలు వేసి బయట సోడా తాగుతున్నాడు. అక్క ఆ రుమాలు తీసి కిటికీలోంచి అతని భుజం మీదికి విసిరేసింది. అతను అరుచుకుంటూ లోపలికొచ్చేసరికి, ఆ సీట్లో ఒక ముసలామెను సంచితో సహా కూర్చోబెట్టేసింది. తను కూర్చోలేదు. ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి అతని మొహం ముందు ఆడిస్తూ కడిగేస్తోంది. నేను కింద నుంచి ‘అక్కా’ అని పిలిచాను. వినపడలేదు. బస్సు కదిలింది. అతను ఎప్పుడో నోరు మూసుకున్నాడు. ఆమె మాత్రం బస్సు గేటు దాటేదాకా తిడుతూనే ఉంది.